దసరా నాడు మామను నలుగుర్ల తక్కువ చేసి మాట్లాడిన, ఇప్పుడు ఆ గడప ఎట్ల తొక్కాలె?

దేవరకొండ తమ్ముడు | శనివారం రాత్రి 9:42

అందరికి వందనాలు. జర పెద్దగ రాస్తున్న, ఓపిక చేస్కొని చదవుండ్రి. మాది దేవరకొండ దిక్కు ఊరు. నేను రెండో తరగతిల ఉన్నప్పుడు మా అమ్మ రక్షణలకు వచ్చింది, అప్పటిసంది మేం క్రైస్తవులం, ఎంబీ చర్చి. అమ్మకు ఒక్కడే అన్న, మా మేనమామ. ఆయన రాలే. ఇంట్ల దేవుడర్ర ఉంది, ఏటేటా చెర్వుగట్టు శివుని గుడికి పోతడు. మా నాయిన బొంబాయిల సెంట్రింగ్ పనికి పోయి ఆరేండ్లు అక్కడ్నే ఉంటే మా ఇంట్ల పొయ్యి మీదికి బియ్యం మామ ఇంటికెల్లి వచ్చినయ్, నా ఇంటర్ ఫీజుకు మామ బర్రెదూడను అమ్మిండు. ఇది ఎందుకు చెప్తున్ననంటే నేను ఎవలను అన్ననో మీకు తెలవాలె.

రెండేండ్ల కింద దసరా. అప్పుడు నేను దినాం రాత్రి ఫోన్ల మతాల డిబేట్లు చూస్తుంటి, వాళ్లు వీళ్లను తిట్టుడు, వీళ్లు వాళ్లను తిట్టుడు, అవే మాటలు నోట్లె తిరుగుతుండె. జమ్మి కాడికెల్లి ఊరోళ్లంత తిరిగొస్తున్నరు, మామ మా అరుగు కాడికి వచ్చి నా చేతిల జమ్మి పెట్టి "బంగారం తీస్కో అల్లుడా" అన్నడు. నేను ఆ ఆకు కింద పడేసిన. "చెట్లకు రాళ్లకు మొక్కేటోళ్ల బంగారం నాకెందుకు, ఇంకెప్పుడు కండ్లు తెరుస్తరు మీరు" అన్న. పక్కింటోళ్లు, అత్తమ్మ, పిల్లలు అందరు ఉన్నరు. మామ ఒక్క మాట అనలే. వంగి ఆ నాలుగాకులు ఏరుకొని తువ్వాల కొసకు ముడేసుకొని పోయిండు. అంతే, ఆనాటిసంది మాటల్లేవు.

వచ్చే నెల మామ బిడ్డ పెండ్లి. కార్డు అమ్మ పేరు మీద వచ్చింది, నా పేరు లేదు. నాకు పోవాలని ఉంది, తప్పైందని చెప్పాలని ఉంది. మా యూత్‌ల కొందరేమంటున్నరంటే నువ్వు మాఫీ అడిగితే విగ్రహారాధన కరెక్టే అని ఒప్పుకున్నట్టయితది అంటున్నరు. నిజంగ అట్ల అయితదా? ఎవలన్న గిట్ల పడ్డోళ్లు ఉంటే చెప్పుండ్రి.

వాక్యమే ఖడ్గం | శనివారం రాత్రి 10:15

వందనాలు తమ్ముడు. నీ బాధ అర్థమైంది కాని ఒక్క మాట సూటిగ చెప్తా ఏమనుకోకు. నువ్వన్న మాటల ఏది అబద్ధం? బైబిల్ల ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద బయలు అనే దేవుని ప్రవక్తలను పట్టుకొని మీ దేవుడు నిద్రపోతుండేమో గట్టిగ పిలవండి అని ఎగతాళి చేయలేదా (1 రాజులు 18). అవిశ్వాసులతో జోడుగ ఉండొద్దని పౌలు రాయలేదా. ఈ రోజుల్లో అందరూ ప్రేమ ప్రేమ అని వాక్యాన్ని పలచన చేస్తున్నరు. మా సొంత అన్నతో నేను నాలుగేండ్ల నుంచి మాట్లాడుతలేను, ఆయన మా ఇంటికొచ్చి యేసు గురించి ఒక మాట తప్పుగ అన్నడు, ఆ రోజే లేచి తలుపు చూపెట్టిన. బాధ లేదా అంటే ఉంది. కాని ప్రభువు కంటె అన్న ఎక్కువ కాదు కదా.

జడ్చర్ల సిస్టరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 2:30

చర్చి నుంచి వచ్చి చదివిన బిడ్డా. నేను మిషన్ ఆసుపత్రిల 31 ఏండ్లు నర్సుగ చేసి రిటైర్ అయిన. వాక్యం చెప్పేటంత దాన్ని కాదు, నేను చూసింది ఒకటి చెప్తా.

ఆపరేషన్‌కు తీస్కపోయే ముందు పేషెంట్ ఒంటి మీద ఏం ఉండొద్దు, గాజులు, మెట్టెలు, మొలతాడు, మెడల తాయెత్తు అన్నీ తీయాలె, అది రూలు. నేను కొత్తగ చేరిన రోజుల్ల ఒక చిన్నపిల్లగాని దండకు ఎర్రదారం తాయెత్తు ఉంటే కత్తెర తీస్కొని పటుక్కున కోసి బుట్టల ఏసిన. వాళ్లమ్మ అటే చూసుకుంట నిలబడింది, ఏం అనలే, కొంగు నోట్లె పెట్టుకున్నది. మా సీనియర్ సిస్టర్ ఆ బుట్టల చెయ్యి పెట్టి ఆ తాయెత్తు తీసింది, దూదిల చుట్టి కాగితం కవర్ల పెట్టి పైన పిల్లగాని పేరు, బెడ్ నంబర్ రాసి ఆ తల్లి చేతిల పెట్టి "ఇది నీ దగ్గర్నే ఉంచుకో అమ్మా, పిల్లగాడు బయటికొచ్చినంక ఇస్తువు" అన్నది. తర్వాత నన్ను పక్కకు పిలిచి ఒకటే అన్నది, ఆ దారం మీద నీకు నమ్మకం లేకుంటే లేకపాయె, ఆ తల్లి భయం మీద నీకు కనికరం ఉండాలె కదా అని.

ఆ సిస్టర్ ప్రార్థన లేకుండ ఒక్క పూట డ్యూటీ ఎక్కకపోయేది, విశ్వాసంల ఆమె కంటె గట్టి మనిషిని నేను చూడలే. ఆ తర్వాత ఎన్ని వందల తాయెత్తులు నేను విప్పినో, ఒక్కటి కూడ కొయ్యలే. ముడి గట్టిగ ఉంటే నూనె చుక్క పెట్టి విప్పేదాన్ని.

మీ మామ ఆ ఆకులు ఏరుకొని ముడేసుకున్నడు చూడు, అది చదివితే నాకు ఆ తల్లే యాదికొచ్చింది. పో బిడ్డా, కార్డుల పేరు కోసం చూడకు.

గడియారం సెంటర్ | ఆదివారం సాయంత్రం 5:05

నమస్తే. నాది నల్గొండ టౌన్, నేను క్రైస్తవుణ్ణి కాదు, మా ఫ్రెండ్ ఈ లింక్ పంపితే చదివిన. హిందువుగ మా ఇంట్ల కూడ ఇట్లాంటిదే జరిగింది కాబట్టి రాస్తున్న, తప్పుగ అనుకోవద్దు.

ముందు మా దిక్కు తప్పు చెప్తా. ఫోన్లల్ల మావోళ్లు మిమ్మల్ని గొర్రెలు అంటరు, బియ్యం బస్తాలకు అమ్ముడుపోయినోళ్లు అంటరు, నేను కూడ ఒకప్పుడు నవ్వుకుంట ఫార్వర్డ్ చేసిన. తర్వాత మా వీధిల క్రైస్తవుల ఇంట్ల ముసలామె చనిపోతే పోయిన, ఆమె దిండు పక్కన అరిగిపోయిన బైబిల్ ఉన్నది, అట్టకు గుడ్డ కుట్టి పెట్టుకున్నది. బియ్యం కోసం మతం మారిన మనిషి పుస్తకాన్ని అట్ల కుట్టుకుంటదా. ఆ రోజుతోని ఆ మాట బంద్ చేసిన.

ఇగ మీకు ఒకటి అడుగుత, మనసుల ఉన్నది చెప్పుండ్రి. మేం నరకానికి పోతమని మీరు నమ్ముతరు కదా. అట్ల నమ్మినప్పుడు గౌరవం అనేది ఎట్ల వస్తది? పైకి నమస్తే అంటరు, లోపల జాలి పడుతరు, అది గౌరవం కాదు కదా. రాళ్లకు మొక్కేటోళ్లు అని మొకం మీద అన్నోనికంటె నవ్వుకుంట లోపల అనుకునేటోడు నాకు ఎక్కువ బాధ అనిపిస్తది.

కాపరి | ఆదివారం రాత్రి 9:20

సోదరా, మీరు ఇక్కడ రాసినందుకు మనస్ఫూర్తిగా థ్యాంక్స్. నేను నాగర్‌కర్నూల్ దగ్గర చిన్న సంఘానికి కాపరిని. మీ ప్రశ్న తప్పించుకోను.

యేసు ఒక్కడే మార్గమని నేను నమ్ముతాను, యోహాను 14:6 ఆయన మాటే. మీ ముందు అది దాచిపెట్టి అన్నీ ఒకటేనండీ అని నవ్వితే మిమ్మల్ని మోసం చేసినట్టు. కానీ ఎవరు ఎక్కడికి పోతారో చెప్పే కుర్చీలో నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. పౌలు కొరింథు వాళ్లకు రాస్తూ, బయటివాళ్లకు తీర్పు తీర్చడం నాకెందుకు, వాళ్లకు దేవుడే తీర్పు తీరుస్తాడు అన్నాడు (1 కొరింథీ 5). ఆ అధ్యాయం మేం మా సంఘంలో తప్పు చేసిన వాళ్లను మందలించడానికి బాగా వాడతాం, ఈ ముక్క మాత్రం చదవం. జాలి గురించి మీరన్నది నిజం, అది నాలో కూడా ఉంది, పైనుంచి కిందికి చూసే జాలి. దానికి నాకు దొరికిన మందు ఒకటే, అవతలి మనిషి దగ్గర ఏదో ఒకటి నేర్చుకోవడం. మా ఊళ్లో శివరాత్రి ఉపవాసం ఉండే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన అప్పు తీర్చే తీరు చూసి నేను సిగ్గుపడి నా అప్పులు తీర్చుకున్నాను. ఆయన మీద నాకు జాలి ఎట్లా వస్తుంది చెప్పండి.

తమ్ముడూ, నీకు. మాఫీ అడిగితే సిద్ధాంతం ఒప్పుకున్నట్టు కాదు. నువ్వు మాఫీ అడిగేది జమ్మిచెట్టును కాదు, మామను. బైబిల్లో ఈ తేడా చూపెట్టే మనుషులు చాలామందే ఉన్నారు. దానియేలు అనే యువకుడు, రాజు పెట్టే భోజనం ముట్టుకోను అని గుండెలో గట్టిగా అనుకున్నాడు, కానీ కంచం విసిరికొట్టలేదు, అధిపతిని వేడుకున్నాడు. ఆ అధిపతి నా తల పోతదయ్యా అని భయం చెప్పుకుంటే ఆ భయం విని, 10 రోజులు కూరగాయలు నీళ్లు ఇచ్చి చూడండి అని ఆ అధిపతి తమ మీద పెట్టిన మనిషికి దారి చూపించాడు. వద్దు అనడంలో కూడా అవతలివాడి తల కాపాడాడు. నువ్వు జమ్మి వద్దనుకుంటే అది నీ మనస్సాక్షి. "మామా, నేను ఇది తీస్కోలేను, నీ దీవెన మాత్రం కావాలె" అనొచ్చు కదా. సిరియా సేనాపతి నయమాను, నేను యెహోవాకే మొక్కుతా గాని మా రాజు నా చెయ్యి పట్టుకొని రిమ్మోను అనే దేవుడి గుడిలో వంగినప్పుడు నేను వంగాల్సొస్తది, అది క్షమించాలి అని అడిగితే, ఎలీషా ప్రవక్త లెక్చర్ ఇవ్వలేదు, నెమ్మదితో పొమ్మన్నాడు (2 రాజులు 5).

ఇంకొకటి, అపొస్తలుల కార్యములు 19. ఎఫెసులో పౌలు రెండేళ్ల పైన బోధించాడు, చేతులతో చేసినవి దేవుళ్లు కావని చెప్పాడు, ఊరంతా గొడవైంది. ఆ గొడవలో ఊరి కరణం, క్రైస్తవుడు కాని మనిషి, లేచి ఏమన్నాడు? వీళ్లు గుడి దోచుకున్నోళ్లు కారు, మన దేవతను దూషించినోళ్లూ కారు అన్నాడు. మన గురించి మన ఊరి సర్పంచి ఆ మాట అనగలడా అని నేను మా సంఘంలో అడుగుతుంటాను.

వాక్యమే ఖడ్గం | ఆదివారం రాత్రి 10:02

అయ్యగారు, వందనాలు. మీరు ఏలీయా దగ్గరికి రాలేదు. ఎగతాళి చేసింది ప్రవక్తే కదా.

కాపరి | ఆదివారం రాత్రి 10:40

వస్తున్నా బ్రదర్, అన్నం తింటున్నా అప్పుడు. కర్మెలు మీద ఏలీయా ఎదురుగా ఉన్నది ఎవరు? యెజెబెలు రాణి బల్ల దగ్గర తినే 450 మంది, రాజు అండ ఉన్నోళ్లు, అవతల యెహోవా ప్రవక్తలను రాణి చంపిస్తుంటే ఆయన ఒక్కడు ప్రాణం చేతిలో పెట్టుకొని నిలబడ్డాడు. బర్రెదూడను అమ్మి ఫీజు కట్టిన మామ ఆ 450 మందిలో ఉన్నాడా? దానికి ముందు అధ్యాయం చదవండి, 17. అదే ఏలీయా కరువులో సారెపతుకు పోయాడు. అది సీదోను ఊరు, యెజెబెలు పుట్టిన దేశం, బయలు దేశమే. అక్కడ ఒక విధవరాలు కట్టెలు ఏరుకుంటుంటే ఎగతాళి చేశాడా? కొంచెం నీళ్లు ఇవ్వమ్మా, చిన్న రొట్టె చేసి పెట్టమ్మా అని చెయ్యి చాపాడు. వాళ్లింటి మేడగదిలో చాలా రోజులు ఉన్నాడు, ఆమె కొడుకు చనిపోతే ఆ పిల్లవాని మీద పడి మొరపెట్టి ప్రార్థన చేశాడు. అదే మనిషి, అదే నోరు. మీ అన్న కర్మెలు మీద ఉన్నాడా సారెపతులో ఉన్నాడా, అది మీకే తెలుస్తుంది.

పాలమూరు అక్క | సోమవారం ఉదయం 11:10

నేను చాలా రోజుల నుంచి చదువుతుంటా గాని రాయను, ఈ రోజు రాయాలనిపించింది. అందరు హిందువులతోని ఎట్ల మాట్లాడాలె అని అంటున్నరు, మన ఇంట్ల సంగతి ఏంది? మా కాటేజ్ ప్రార్థనకు (ఇండ్లల్ల పెట్టుకునే ప్రార్థన) ఒకామె కొత్తగ వచ్చింది, కడుపునొప్పితోని వచ్చింది పాపం, మా పక్కగల్లిల కట్టెల అడ్తి కాడ పని చేస్తది, భయపడుకుంట చివర్ల కూసున్నది. ప్రార్థన అయిపోంగనే మా సంఘంల పెద్ద సిస్టర్ ఒకామె లేచి, ఎవరు ఏం అనకముందే, తన కొంగుతోని ఆమె బొట్టు తుడిచేసింది. "ఇగ నీకు ఇది వద్దు" అన్నది. ఆ పిల్ల మొకం నేను ఇప్పటికి మర్చిపోలే, నుదురు మీద ఎర్రగ గీసుకపోయింది, చెయ్యి అడ్డం పెట్టుకొని లేచింది, మళ్ల రాలే. నేను పక్కన్నే ఉన్న, నేనన్న అడగాలె కదా, అడగలే, ఇప్పటికి అది నా మీద ఉన్నది. ఆమె మొగడు బతికే ఉన్నడు, బతికున్న మొగడుండంగ బొట్టు తుడుస్తే ఒక ఆడదానికి ఎట్లుంటదో మనకు తెల్వదా, మనం ఈ ఊర్లె పుట్టినోళ్లమే కదా.

ఇంకోటి, మనలమనం ఏమనుకుంటం? బాప్టిస్టోళ్లది చచ్చిన సంఘం అంటరు పెంతెకొస్తోళ్లు, వాళ్లది ఉత్త అరుపులు అంటరు వీళ్లు, ఆర్‌సీఎమ్మోళ్లు (రోమన్ కాథలిక్కులు) మరియమ్మకు మొక్కుతరు వాళ్లు అసలు క్రైస్తవులే కారు అని ఇద్దరు అంటరు. మా చర్చిల రెండు వాడలోళ్లు రెండు దిక్కుల కూసుంటరు, ఎవలు చెప్పలే, అట్లనే అలవాటైంది. రోమా 14 ల తినేటోడు తిననోణ్ణి తక్కువ చూడొద్దు, తిననోడు తినేటోనికి తీర్పు తీర్చొద్దు అని ఉన్నది, అది ఎవలకు రాసిండ్రు? సంఘపోళ్లకే. ముందు అక్కడ్నుంచి మొదలువెట్టాలె అని నా మనసుకు అనిపిస్తది.

రిటైర్డ్ సోషల్ మాస్టర్ | సోమవారం సాయంత్రం 6:25

తమ్ముడు ఎంబీ అన్నడు కాబట్టి ఇది చెప్పకుండ ఉండలేకపోతున్న. మన ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరెన్, చాలమందికి ఆ రెండక్షరాలే తెలుసు, వెనకాల కథ తెల్వదు. 1890 ప్రాంతంల రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండల బాప్టిస్టు మిషన్ కింద పని మొదలువెట్టిండు. 1899 ల అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వాళ్లు వచ్చినంక ఆ పని పాలమూరు దిక్కు పెరిగింది. ఈ మెన్నోనైట్లు ఎవరయ్యా అంటే అనాబాప్టిస్టుల సంతతి. 1525 ల జూరిక్‌ల కొందరు, చిన్నపిల్లల బాప్తిస్మం కాదు, నమ్మినోళ్లే తీసుకోవాలె అని మళ్ల బాప్తిస్మం తీసుకున్నరు. దానికే వాళ్లను చంపిండ్రు. ఫెలిక్స్ మాంజ్ అనేటాయనను 1527 జనవరిల లిమ్మత్ నదిల ముంచి చంపిండ్రు. చంపింది ఎవరు? బైబిల్ చేతిల పట్టుకున్న క్రైస్తవులే. మనతోని ఏకీభవించనోణ్ణి క్రైస్తవులు ఏం చేసిండ్రో మన చర్చి పుట్టుకలనే రాసి ఉన్నది, అందుకే ఈ సంగతి మనకు వేరేవాళ్లకంటె ఎక్కువ తెలవాలె.

అందుల ఒకాయన డిర్క్ విల్లెమ్స్, హాలండ్‌ల ఆస్పెరెన్ ఊరు. ఇంట్ల రహస్యంగ బాప్తిస్మాలు ఇప్పించిండని జైల్ల పెట్టిండ్రు. గుడ్డలు ముడేసి తాడు చేసి కిటికీల కెల్లి దిగి ఉరికిండు. చలికాలం, నీళ్లు పైన గడ్డకట్టి ఉన్నయ్. ఈయన జైలు తిండి తిని బక్కగైండు కాబట్టి మంచు మీద దాటిపోయిండు, ఎనక తరుముకొచ్చిన బంట్రోతు బరువుకు మంచు పలిగి నీళ్లల్ల పడ్డడు. డిర్క్ తప్పించుకున్నడు అప్పటికే. కాని ఎనకకు తిరిగి వచ్చి చెయ్యిచ్చి ఆ మనిషిని పైకి గుంజిండు. బయటవడ్డ బంట్రోతు ఈయనను ఇడిసిపెడ్తనన్నడు, ఒడ్డు మీదికెల్లి అధికారి నీ ప్రమాణం యాదివెట్టుకో అని అరిస్తే పట్టుకున్నడు. 1569 మే నెల 16 న డిర్క్‌ను కాల్చి చంపిండ్రు.

నేను దేవరకొండ దిక్కు బడిల ఇరవై ఏండ్లు పాఠం చెప్పిన, ఇది పాఠపుస్తకంల లేదు, అయినా పిల్లలకు చెప్పేటోణ్ణి. ఒకసారి ఒక పిల్ల లేచి "సార్, ఆ బయటవడ్డ బంట్రోతు ఇంటికి పోయి రాత్రి అన్నం తిన్నడా" అని అడిగింది. నాకు జవాబు రాలే.

లతీఫ్ సాబ్ గుట్ట కింద | సోమవారం రాత్రి 8:50

సలాం అందరికి. మా దాంట్ల కూడ ఇదే లొల్లి. మా ఊర్ల పీర్ల పండుగకు పీర్లు ఎత్తేటోళ్లల్ల సగం మంది హిందువులే, మా అబ్బాకు ఆ పండుగ అట్ల చేసుడు ఇష్టం లేదు, అది దీన్‌ల, అంటె మా మతంల, లేదు అంటడు, ఇప్పటికి పోడు. కాని ఆ పది రోజులు అలావా (నిప్పుల) గుంత కాడ రాత్రి తిరిగేటోళ్లకు మా ఇంటి ముందు నీళ్ల కుండ నింపి పెట్టేది ఆయనే. పొద్దున ఎవలన్న వచ్చి ఎందుకు రావు చాచా అంటే నా మనసు ఒప్పుకోదు బిడ్డా అంటడు, అంతే, ఒక్క మాట ఎక్కువ అనడు. ఎవరు ఆయన మీద కోపం పెట్టుకోలే ఇన్నేండ్లల్ల. దేవరకొండ భాయి, పెండ్లికి పో.

గడియారం సెంటర్ | సోమవారం రాత్రి 9:30

కాపరి గారు, మీరు దాచకుండ చెప్పిండ్రు, దానికి నమస్కారం. మీరు చెప్పిన దానితోని నేను ఒప్పుకోను, ఒక్కటే మార్గం అనేది నా మనసుకు ఎక్కదు. కాని ఇప్పుడు మీతోని కూసొని మాట్లాడగలుగుత, ఇంతకుముందు అట్ల అనిపించకపోయేది. నాగర్‌కర్నూల్ దిక్కు వస్తే కలుస్త.

దేవరకొండ తమ్ముడు | తర్వాతి ఆదివారం రాత్రి 8:15

అందరికి వందనాలు. పోయొచ్చిన. జరిగింది జరిగినట్టు చెప్తా.

చర్చి అయినంక సీదా పోయిన, అమ్మ వస్త అంటే వద్దన్న. మామ బత్తాయి తోట కాడ ఉన్నడు, డ్రిప్పు పైపుల పాచి కడుగుతుండు. నన్ను చూసి మళ్ల పైపు దిక్కే చూసిండు. నేను దారిపొడుగుత అనుకున్న మాటలు ఒక్కటి నోటికి రాలే. చెప్పులు ఇడిసి పోయి పక్కన కూసొని ఒక పైపు అందుకొని కడుగుడు మొదలువెట్టిన. చానా సేపైనంక అన్న, "మామా, నేను యేసును ఇడువను, జమ్మికి మొక్కను, కాని ఆనాడు నీ చేతిలది కింద పడేసుడు, నలుగుర్ల ఆ మాట అనుడు పాపం, నీకు చేసిన పాపం, దేవుని ముందు కూడ ఒప్పుకున్న" అని.

మామ అన్నడు, "నేను నిన్ను మొక్కమన్ననా? మీ నాయిన ఊర్ల లేని యాడాది నుంచి పండుగ నాడు నీ చేతిల పెట్టేటోణ్ణి, పిల్లగానికి తండ్రి లేని లోటు తెల్వొద్దని." అంతే అన్నడు. నాకు ఆ సంగతే తెల్వదు. నేను ఇన్నేండ్లు అది పూజ అనుకున్న.

దగ్గరికి తీసుకొని ఏడ్చిండు అని రాయాలని నాకూ ఉంది, కాని అట్ల జరగలే. ఇంకా గొంతుల కోపం ఉన్నది, అది పోయేది కాదు ఒక్క రోజుల. పెండ్లి ముచ్చట నేనే తీసిన, పూజల కాడ నేను కూసోలేను మామా, కాని పందిరి కాడికెల్లి వడ్డన దాక ఏం చెప్పినా చేస్తా అన్న. జర సేపు ఆగి "మాంసం వంట రెండో రోజు ఉన్నది, బోయినాల కాడ మనిషి కావాలె, ఎనిమిది వందల మందికి" అన్నడు. వచ్చేటప్పుడు సంచిల బత్తాయిలు పోసిచ్చి "మీ అమ్మకు" అన్నడు, నాకని అనలే.

అయ్యగారు, బోయినాల కాడ ముందు దేవునికి నైవేద్యం పెట్టినంకనే వడ్డిస్తరు, ఆ గిన్నెల నుంచి నేను వడ్డించొచ్చా?

కాపరి | ఆదివారం రాత్రి 9:05

వడ్డించు తమ్ముడూ. ఆకలైనోని విస్తట్లో అన్నం పెట్టడానికి మనస్సాక్షి అడ్డం రాదు. నువ్వు తినే దగ్గర మాత్రం 1 కొరింథీ 10 చివర, విగ్రహాలకు పెట్టిన తిండి గురించి ఉన్న భాగం చదివి, నీ మనసు ఎంత ఒప్పుకుంటే అంత. ఎవరన్నా అడిగితే నెమ్మదిగా చెప్పు, అడగకపోతే చెప్పాల్సిన పని లేదు. ముందే మామకు చెప్పి ఉంచు, ఆ రోజు చెప్పి ఇబ్బంది పెట్టకు.

జడ్చర్ల సిస్టరమ్మ | ఆదివారం రాత్రి 9:20

అమ్మకని ఇచ్చిన బత్తాయిల రెండు నువ్వు తిను బిడ్డా.

వాక్యమే ఖడ్గం | ఆదివారం రాత్రి 11:48

వారం నుంచి 17వ అధ్యాయమే చదువుతున్న. మా అన్న యేసు గురించి అన్న మాట తప్పే, అది ఇప్పటికీ ఒప్పుకోను. కాని ఆ రోజు ఆయన మా ఇంటికొచ్చింది మా వదినకు కాన్సరని చెప్పడానికి, నేను ఆ మాట వినకముందే తలుపు చూపెట్టిన, ఆ సంగతి తర్వాత వేరేవాళ్ల నోట తెలిసింది. ఇది నేను ఎవరికి చెప్పలేదు ఇప్పటిదాక. సాయంత్రం ఫోన్ చేసిన, రెండుసార్లు మోగి కట్ అయింది. పొద్దున కొండమల్లేపల్లి బస్సుకు పోతున్న.